మోకు లేని తేరు

మొన్న ఫాల్గుణ మాసంలో హోసూరు చంద్రచూడేశ్వరస్వామివారి తేరు చూడడానికి వెళ్లి, మాకు దూరపు చుట్టాలైన ఒకరి యింట రెండు రోజులు వున్నాము. వారి పేరు, వూరు ఇక్కడ చెప్పము. చెప్పకపోయినా, మన పాఠకులలో చాలామంది అటువంటి యిల్లు ఒకటి ఎరిగేవుంటారు. ఎన్నో తరాలుగా అక్కడే పాతుకున్న తెలుగువారు. కచ్చేరిలో అరవం, బెంగుళూరు సంతలో కన్నడం, గడప దాటి లోపలికి వస్తే తెలుగు. భూమి పోకుండా, భాష పోకుండా, ఆడపిల్ల కంటికి దూరం కాకుండా వుండాలని మేనరికాలు చేసుకుంటూ వచ్చిన కుటుంబం.

రాత్రి భోజనాలు అయిన తరువాత ఆ యింటి పెద్దామె మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది. ఎనభై దాటిన మనిషి.

"మా చిన్నోడికి సంబంధం చూస్తావుండాం. నా కూతురి చిన్నబిడ్డ వుండనే వుంది. మేనమామ యింట్లో వుండగా బయట వెదికే పనేముందప్పా? ఆ పిల్ల మాత్రం వల్లకాదంటా వుంది. చదువుకున్నోళ్లు, మీరైనా చెప్పండి" అన్నది.

ఆ పిల్ల కృష్ణగిరిలో కాలేజీ చదువు ముగించింది. తలుపు దగ్గర నిలబడి వింటూనేవుంది. "మామంటే నాకేం కోపం లేదవ్వా. అక్క బిడ్డలిద్దరూ ఎందుకు పోయినారో ఎవరైనా చెబితే, ఆ తరువాత నేను సరేనంటాను" అన్నది.

యింట్లో ఒక్కసారిగా మాటలు ఆగిపోయినాయి.

విషయమేమంటే, ఈ పిల్ల అక్కను పెద్దామె పెద్దకొడుక్కే యిచ్చారు. అదీ మేనమామ పెళ్లే. 2012లో తొలి బిడ్డ పుట్టాడు. పుట్టినప్పుడు బంగారు బొమ్మలాగా వున్నాడు. మూడో నెలలో నాలుకమీద తెల్లపూత పట్టింది. ఎన్ని మందులు వేసినా పోలేదు. బి.సి.జి. టీకా వేసిన చోట పుండు మానలేదు. విరేచనాలు, దగ్గు, న్యుమోనియా. ఒక పెద్ద ఆస్పత్రిలో రక్తపరీక్ష చేసి, "తెల్లకణాల లెక్క సరిగానే వుంది, భయం లేదు" అని యింటికి పంపించారు. ఏడో నెలలో బిడ్డ పోయినాడు. 2015లో పుట్టిన ఆడపిల్లకూ అదే వరస. ఈసారి వేరొక వైద్యుడు చూసి, "కణాలు వున్నాయి, కాని అవి పనిచేయడం లేదు" అన్నాడట. అంతకు మించి తెలిసే లోపలే ఆ బిడ్డా దక్కలేదు. దిష్టి అన్నారు, గ్రహచారం అన్నారు, తల్లి పాలు మంచివి కావన్నారు. ఆ తల్లి ఆ మాటలన్నీ పడింది.

కణాలు లెక్కకు సరిగా వుండి, పని ఎందుకు చేయవు? మరునాడు తేరు దగ్గర నిలబడినప్పుడు మా కళ్లముందే దానికి జవాబు కనిపించింది.

తేరు ఎట్లా కదులుతుంది?

తేరుపేటలో తేరు కట్టి వుంటుంది. చక్రాలు వున్నాయి, ఇరుసు వున్నది. లాగడానికి వందలమంది జనం వున్నారు. సైగ చేయడానికి పెద్దమనిషి వున్నాడు. తేరు మరీ పరుగెత్తకుండా, పక్కకు ఒరగకుండా చక్రాల కింద చెక్కదిమ్మెలు వేసే పనివాళ్లు వున్నారు. ఇంతమంది వున్నా, మోకు ఒకటి లేదనుకోండి. ఎవరి చోట వారు నిలబడి అరవవలసిందే. తేరు జానెడు కూడా జరగదు. చూడబోతే మోకు తనంతట తాను ఏ పనీ చేయదు. లాగేది మనుషులు, తిరిగేది చక్రం. కాని లాగేవారిని ఒక్కచోటికి చేర్చి, వారి బలాన్ని తేరుకు ముడివేసేది మోకే.

మన శరీరంలోని కణాలలోనూ ఇటువంటి మోకులు వున్నాయి. అవి ఒక జాతి మాంసకృత్తులు. శాస్త్రజ్ఞులు వాటిని స్కాఫోల్డ్ ప్రోటీనులు అంటారు. అనగా మేస్త్రీలు యిల్లు కట్టేటప్పుడు నిలబెట్టే సారువవంటివి. సారువ గోడ కట్టదు, కాని సారువ లేకపోతే మేస్త్రీ పైకెక్కలేడు. ఈ మాంసకృత్తులలో చాలావాటికి సొంతంగా రసాయనిక చర్య జరిపే శక్తి లేదు. చర్య జరిపే తక్కిన మాంసకృత్తులను పట్టి ఒక్కచోట కూర్చోబెట్టడమే వాటి పని. రొట్టె పులియబెట్టే ఈస్టు కణంలో ఇటువంటి మాంసకృత్తు ఒకటి పనిచేసే తీరును 1994లో వివరంగా గుర్తించారు. ఆ తరువాత మనిషి కణాలలోనూ వరుసగా బయటపడినాయి.

తెల్లకణం మేలుకొనే విధం

మన రక్తంలోని తెల్లకణాలలో టి కణాలనేవి కావలివాళ్ల పెద్దలు. రొమ్ములో గుండెకు పైభాగాన వుండే థైమస్ గ్రంథిలో అవి తర్ఫీదు పొంది బయటికి వస్తాయి. ఆ గ్రంథి ప్రయోజనాన్ని 1961లో జాక్వెస్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకలలో చూపించేవరకు అది ఎందుకూ పనికిరాని అవయవమనే అనుకునేవారు. ఒక్కొక్క టి కణం మిల్లీమీటరులో వందోవంతుకన్న చిన్నది. దాని ఒంటిమీద వుండే గ్రాహకం ఒక తాళంవంటిది. దానికి సరిపడే శత్రువు తునక ఎదురైతే తాళం తెరుచుకుంటుంది.

ఆ తునకను వేరొక కణం పట్టుకొచ్చి చూపించగానే టి కణం లోపల ఏం జరుగుతుందో చూడండి. మొదట ఎల్.సి.కె. అనే మాంసకృత్తు, గ్రాహకపు తోకలమీద ఫాస్ఫేటు బొట్లు పెడుతుంది. ఆ బొట్లు చూసి జాప్-70 అనే రెండో పనివాడు వచ్చి అక్కడ కూర్చుంటాడు. ఇతడూ బొట్లు పెట్టేవాడే. 1992లో వెలుగులోకి వచ్చాడు. అయితే ఇతడు బొట్లు పెట్టేది దేనిమీద? అక్కడే మన మోకు వస్తుంది. దాని పేరు లాట్. కణం పైపొరలో ఒక కొస పాతుకొని, మిగిలిన ఒళ్లంతా లోపలికి వేలాడుతూ వుంటుంది. ఆ వేలాడే తాడుమీద టైరోసిన్ అనే కొక్కేలు వుంటాయి. జాప్-70 బొట్టు పెట్టిన కొక్కానికల్లా ఒక్కొక్క పనివాడు వచ్చి తగులుకుంటాడు. స్లప్-76 అనే యింకొక సారువ కూడా అక్కడికే చేరుతుంది. ఇవన్నీ కలిసిన తరువాతనే కణంలో కాల్షియం పెరుగుతుంది, జన్యువులకు కబురు పోతుంది, ఒక్క కణం పదులై, వందలై, వేలై శత్రువుమీద పడుతుంది. మొదటి అడుగులు పడడానికి పట్టేది కొన్ని క్షణాలు మాత్రమే.

స్లప్-76 సంగతి 1995లోను, లాట్ సంగతి 1998లోను తెలిసినాయి. అమెరికాలోని బెథెస్డాలో వేగువో ఝాంగ్, లారెన్స్ సామెల్సన్ అనేవారు లాట్ జన్యువును పట్టుకున్నారు. ఆ ఏడే వేరొక పరిశోధకబృందం, లాట్ లేని టి కణాలను తీసి చూసింది. గ్రాహకం వున్నది, జాప్-70 వున్నది, లోపలి పనివాళ్లందరూ వున్నారు. అయినా కణం మేలుకోలేదు. తిరిగి లాట్‌ను లోపలికి ఎక్కించగానే మేలుకున్నది. మోకు లేని తేరు అంటే ఇదే. మరుసటి సంవత్సరం లాట్ జన్యువు తీసివేసిన ఎలుకలను పుట్టించారు. వాటిలో ఎదిగిన టి కణాలే కనిపించలేదు.

ఇక్కడ యింకొక వింత వున్నది. లాట్‌మీది కొక్కేలన్నీ ఒకే వేగంతో బొట్లు పెట్టించుకోవు. ముఖ్యమైన కొక్కెం ఒకటి కావాలనే తాత్సారం చేస్తుంది. శత్రువు తునక గట్టిగా పట్టుకొని ఆ కాస్త సేపూ వుంటేనే ఆ కొక్కెం తయారవుతుంది. మన సొంత శరీరపు తునక ఏదైనా పొరపాటున తగిలితే, అది అంతసేపు నిలవకుండానే జారిపోతుంది. కణం మళ్లీ నిద్రపోతుంది. తేరు ముందు నిలబడిన పెద్దమనిషి తొందరపడి సైగ చేయకపోవడంవంటిది ఈ ఆలస్యం.

మోకులు ఎక్కువైతే?

మోకు మంచిదే గదా, ఎక్కువ వుంటే యింకా మంచిదనుకుంటారేమో. వందమంది లాగేవారికి రెండు మోకులు కట్టితే తేరు కదులుతుంది. యాభై మోకులు కట్టి తలా ఒకటి పట్టుకొని తలా ఒక దిక్కు నిలబడితే ఏమవుతుంది? ఒక మోకు దగ్గర సైగ చేసేవాడు, యింకొక మోకు దగ్గర లాగేవాడు, ఇద్దరూ కలవరు. కణంలోనూ అంతే. సారువ మాంసకృత్తు అవసరానికి మించితే పనివాళ్లు చెదిరిపోయి కబురు బలహీనపడుతుంది. తక్కువైనా చేటే, మిక్కుటమైనా చేటే.

మరొకటి. చక్రాల కింద దిమ్మె వేసేవాడికి కూడా మోకు కదలికే ఆనవాలు. అట్లాగే కణాన్ని అదుపుచేసే మాంసకృత్తులలో కొన్ని ఈ సారువమీదనే ఆధారపడివుంటాయి. అందుకని లాట్‌లో లోపం వస్తే కేవలం రోగనిరోధకశక్తి తగ్గడమే కాదు, ఒక్కొక్కప్పుడు టి కణాలు అదుపు తప్పి సొంత శరీరంమీదనే పడతాయి. 2016లో ఒకే తల్లి బిడ్డలైన ముగ్గురిలో ఇటువంటి జబ్బును వైద్యులు వర్ణించారు. ఆ తల్లిదండ్రులు దగ్గరి బంధువులే.

టి కణంలోపల కాస్త ముందుకు పోతే కార్మా-1 అనే యింకొక సారువ వున్నది. దాని జన్యువు పేరు కార్డ్-11. అది బి.సి.ఎల్.-10, మాల్ట్-1 అనే యిద్దరిని జతచేసి, జన్యువులకు కబురు పంపే చివరి గొలుసును కడుతుంది. ఈ గొలుసు తెగిన బిడ్డలను గురించి 2013లో మొదటిసారి వైద్యపత్రికలలో వచ్చింది. ఆ బిడ్డలలో తెల్లకణాల లెక్క సరిగానే వున్నది. కణాలు మేలుకోవడమే లేదు. మా చుట్టాల యింట తొలి బిడ్డ పోయిన మరుసటి సంవత్సరమే ఈ సంగతి లోకానికి తెలిసింది. ఆ బిడ్డలకు వున్నది సరిగ్గా ఇదేనని మేము అనడం లేదు. ఆ వైద్యుడు చెప్పిన మాటకు అర్థమేమిటో మాత్రం ఇప్పుడు తెలిసింది.

మన తెలుగు ఆడపడుచు ఒకరు ఈ దారిలోనే పేరు పొందారని చెప్పడానికి సంతోషిస్తున్నాము. కన్నెగంటి తిరుమలదేవి గారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన పట్టా పొంది, 2007 నుంచి అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాస్పత్రిలో పనిచేస్తున్నారు. టి కణాలు కాక, క్రిములను మొదట ఎదుర్కొనే కణాలు ఆమె విషయం. క్రిమి లోపలికి వచ్చినప్పుడు ఆ కణాలలో అనేక మాంసకృత్తులు ఒకే సారువ చుట్టూ గుమిగూడి, అవసరమైతే కణాన్నే బలియిచ్చి క్రిమిని ఆపుతాయి. ఆ కూటమికి పానాప్టోజోమ్ అని ఆమె బృందం పేరు పెట్టింది.

మేనరికం లెక్క

ఇక మన యింటి సంగతికి వద్దాము. ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులు వుంటుంది. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి. సారువ మాంసకృత్తు జన్యువులో ఒక ప్రతి చెడినా, రెండోది మంచిదైతే సాధారణంగా మనిషికి ఏ లోటూ కనిపించదు. నూరేళ్లు సుఖంగా బతుకుతాడు. రెండు ప్రతులూ చెడినప్పుడే బిడ్డకు జబ్బు. బయటి సంబంధంలో యిద్దరికీ ఒకే చెడ్డ ప్రతి వుండడం అరుదు. ఒకే తాత అవ్వల సంతతిలో అది అంత అరుదు కాదు.

తాతకు ఒక చెడ్డ ప్రతి వున్నదనుకోండి. అత్త కూతురు, మామ కొడుకు పెళ్లాడితే, వారికి పుట్టే బిడ్డకు అది రెండువైపులనుంచీ వచ్చే అవకాశం 64లో 1. మేనమామ, అక్క కూతురు పెళ్లాడితే 32లో 1. చాలా చిన్న లెక్కే. అందుకే మన పెద్దల మేనరికాలలో నూటికి తొంభైకి పైగా బిడ్డలు చక్కగానే పుట్టారు, మనమూ అందులోనివారమే. ఎక్కడైనా నూరుమంది బిడ్డలలో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం వుంటుంది. అత్త బిడ్డ, మామ బిడ్డ పెళ్లాడినచోట దానికి యింకొక రెండు మూడు చేరుతుందని వైద్యుల అంచనా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడింటిలోనూ సుమారు నాలుగు పెళ్లిళ్లలో ఒకటి బంధువుల నడుమనే జరిగింది. కనుక ఇది ఏ ఒక్క కులానికో, భాషకో తగిలే మాట కాదు.

అయితే ఒక యింట బిడ్డలు అప్పటికే యిట్లా పోయివుంటే లెక్క మారిపోతుంది. ఆ రాత్రి మేము కాగితంమీద వేసి చూపించాము. జబ్బు ఈ జాతిదే అయితే, పెద్దకొడుక్కూ చెడ్డ ప్రతి వున్నట్టే, అతని భార్యకూ వున్నట్టే. ఆమెకు అది తల్లివైపునుంచి వచ్చివుంటే, చెల్లెలికి వుండే అవకాశం సగం. చిన్నకొడుక్కు సగం. ఇద్దరికీ వుండే అవకాశం నాలుగో వంతు. అప్పుడు పుట్టే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 16లో 1. ఆ పిల్ల ఆ కాగితం తీసుకొని చాలాసేపు చూసింది. వాళ్ల అక్క వంటింట్లోనుంచి వచ్చి, "అయితే నా పాల వల్ల కాదా?" అని అడిగింది. కాదు అన్నాము. పది సంవత్సరాలుగా ఆ మాట ఎవరూ ఆమెతో చెప్పలేదు.

మనం చేయగలిగినది

ఇటువంటి బిడ్డలను ఇప్పుడు కాపాడవచ్చు. 1968లో అమెరికాలో రాబర్ట్ గుడ్ అనే వైద్యుడు, రోగనిరోధకశక్తి లేని ఒక బిడ్డకు అక్క ఎముకల మూలుగ ఎక్కించి బతికించాడు. కృష్ణగిరి తోటలలో మనవాళ్లు మామిడికి అంటు కట్టడం ఎరిగినవారే. పాత వేరుమీద కొత్త కొమ్మ కాపుకు వచ్చినట్టు, దాత మూలుగనుంచి మంచి తెల్లకణాలు బిడ్డలో పుట్టుకొస్తాయి. మనకు దగ్గరలోని వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రిలో ఈ చికిత్స 1986 నుంచి జరుగుతున్నది. తోబుట్టువు మూలుగ పూర్తిగా సరిపడే అవకాశం నాలుగింట ఒకటి. ఎంత త్వరగా చేస్తే, జబ్బులు బిడ్డను పట్టుకోకముందే చేస్తే, అంత మేలు.

కాబట్టి ఆలస్యం చేయరాదు. నాలుకపూత నెలల తరబడి పోకపోవడం, న్యుమోనియా మాటిమాటికి రావడం, విరేచనాలు ఆగకపోవడం, బిడ్డ తూకం పెరగకపోవడం, బి.సి.జి. వేసిన చోట పుండు పెద్దదై చంకలో గడ్డలు కట్టడం, అదే యింట అంతకుముందు పసిబిడ్డలు పోయివుండడం, ఇవి గుర్తులు. కణాల లెక్క ఒక్కటే చూసి తృప్తిపడవద్దు. కణాలు పనిచేస్తున్నాయా అని పరీక్షించమని అడగాలి. కొన్ని దేశాలలో పుట్టిన ప్రతి బిడ్డకూ మడమనుంచి చుక్క రక్తం తీసి టి కణాలు వున్నాయో లేదో చూస్తారు. ఆ పరీక్షకు కూడా ఈ మోకు లేని జబ్బులు కొన్ని అందవు, ఎందుకంటే అక్కడ కణాలు వుంటాయి గనుక.

టీకాల సంగతి అపార్థం కాకూడదు. మనకు పొరుగున మదనపల్లెలో 1948లోనే బి.సి.జి. పని మొదలైంది, అప్పటినుంచి ఎన్ని కోట్ల బిడ్డలకు అది మేలుచేసిందో చెప్పలేము. ఎవరూ మానుకోవద్దు. పసిబిడ్డలు యిట్లా పోయిన యిళ్లవారు మాత్రం, కొత్త బిడ్డ పుట్టకముందే ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి. బి.సి.జి., పోలియో చుక్కలవంటి బతికిన క్రిమి టీకాలను పరీక్ష అయ్యేవరకు ఆపాలో వద్దో ఆయన నిర్ణయిస్తాడు.

పోయిన బిడ్డల రక్తం ఇప్పుడు లేకపోయినా, తల్లిదండ్రుల రక్తంలో జన్యువులను చదివి, ఇద్దరిలోనూ చెడిన ప్రతి ఏదో వెదకవచ్చు. అది దొరికితే తక్కినవారిని పరీక్షించడం తేలిక. పెళ్లి చేసుకోబోయే యిద్దరిలో ఒక్కరికి లేకపోయినా చాలు, వారి బిడ్డలకు ఆ జబ్బు రాదు. పెద్దకొడుకు దంపతులు మరొక బిడ్డను కోరుకుంటే, గర్భం మూడో నెలలోనే పరీక్షచేసి తెలుసుకోవచ్చు.

ఇవన్నీ చెప్పి, మేము మరునాడు పొద్దున బయలుదేరాము. పెళ్లి చేయమనీ అనలేదు, మానమనీ అనలేదు. ముందు నలుగురి రక్తమూ చూపించమన్నాము. చిన్నకొడుకు, "బెంగుళూరికి ముందు నేనే పోతాను" అన్నాడు. ఆ పిల్ల అక్క చెయ్యి పట్టుకొని నిలబడివుంది.

పెద్దామె మమ్మల్ని గడపదాకా సాగనంపింది. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

"మాకేం తెలుసప్పా, మావాళ్లు చేసినట్టు మేమూ చేసినాము" అని, కాస్త ఆగి, "ముందు మోకు గట్టిగా వుందో లేదో చూసుకోనీండి. తేరు వచ్చే ఏడైనా లాగొచ్చు" అన్నది.